కుండీ మార్చి ఐదు వారాలైనా ఆర్కిడ్ ఆకుల ముడతలు పోవడం లేదు

నా దగ్గరున్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కు పూలు రాలిపోయిన తరువాత ఆకులు మెత్తబడి, నిలువునా ముడతలు పడ్డాయి. నీరు చాలడం లేదనుకుని రెండు వారాల పాటు రోజు విడిచి రోజు పోశాను. అదే తప్పయిందని ఇప్పుడు తెలుస్తోంది. కుండీలోంచి తీసి చూస్తే, వేళ్ల చుట్టూ నింపి ఉన్న, పైన ఎండినట్టు కనిపించిన నాచు నడిమధ్యలో పిండితే నీరు కారేంత తడిగా ఉంది. వేళ్లలో చాలావరకు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడి, లోపలి దారం లాంటి నార మాత్రమే చేతికి వచ్చింది.

కుళ్లినవన్నీ శుభ్రం చేసిన కత్తెరతో తీసేయగా, గట్టిగా ఉన్నవి మూడు వేళ్లే మిగిలాయి. మొక్కను అడుగున రంధ్రాలున్న పారదర్శకమైన కుండీలో, బెరడు ముక్కల్లో నాటి, తూర్పు కిటికీ దగ్గర నేరుగా ఎండ తగలకుండా ఉంచాను. వారానికొకసారి కుండీని పదిహేను నిమిషాలు నీటిలో ఉంచి, పూర్తిగా వడకట్టిన తరువాతే తిరిగి పెడుతున్నాను. ఎరువు వేయడం లేదు. గది ఉష్ణోగ్రత 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటోంది.

నాలుగు ఆకులూ పచ్చగానే ఉన్నా ముడతలు అలాగే ఉన్నాయి. అయితే కాండం మొదట్లో ఆకుపచ్చ కొన ఉన్న కొత్త వేరొకటి సుమారు సెంటీమీటరు మేర వచ్చింది. పాత పూకాడను ఇంకా కత్తిరించలేదు.

ఈ కొత్త వేరు బెరడులోకి దిగేవరకు ఇదే పద్ధతిలో నీరు పెడుతూ ఓపిక పట్టాలా, లేక మూడు వేళ్లే ఉన్న మొక్క కాబట్టి పారదర్శకమైన సంచి కప్పి గాలిలో తేమ పెంచాలా?