క్యామ్‌షాఫ్ట్ లేని మెయిన్ ఇంజన్: మొదటిసారి వెళ్లేవారు ఏమి చూసుకోవాలి?

సెకండ్_కాకినాడ
పన్నెండేళ్లుగా క్యామ్‌షాఫ్ట్ (పంపులను, వాల్వులను కదిలించే క్యామ్‌లున్న ఇరుసు) ఉన్న టూ-స్ట్రోక్ ఓడ ఇంజన్ల మీదే పనిచేశాను. వచ్చే నెల ఎక్కబోయే బల్క్ క్యారియర్‌లో క్యామ్‌షాఫ్ట్ లేకుండా ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఎంఈ రకం ఇంజన్ ఉన్నది. ఇంధనం పంపును, ఎగ్జాస్ట్ వాల్వును క్యామ్‌కు బదులు హైడ్రాలిక్ నూనె కదిలిస్తుందని తరగతిలో చదివాను గాని, వాచ్‌లో (ఇంజన్ గది కాపలా డ్యూటీలో) దేని మీద కన్ను వేసి ఉంచాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

పాత_చీఫ్
అందరూ కంప్యూటరుకు భయపడతారు. నన్ను ఇబ్బంది పెట్టింది నూనె. బేరింగులకు వెళ్లే క్రాంక్‌కేసు నూనెనే సన్నని ఫిల్టరు గుండా పంపి, సుమారు 200 బార్ల, కొత్త ఇంజన్లలో 300 బార్ల దాకా ఒత్తిడికి పెంచి వాడతారు కాబట్టి, బేరింగులు ఓర్చుకున్న మురికిని ఇక్కడి వాల్వులు ఓర్చుకోవు. ఒక ఓడలో ఒకే యూనిట్ (సిలిండర్) ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పదే పదే తప్పుతుంటే, రెండు రోజులు సెన్సర్లూ కేబుళ్లూ మార్చాము. తీరా చూస్తే ప్యూరిఫయరు (నూనెను శుద్ధిచేసే యంత్రం) సరిగా పనిచేయక నూనెలో మిగిలిన మురికికి కంట్రోల్ వాల్వు పట్టేస్తోంది.

విశాఖ_మెరైన్
పాత చీఫ్ గారి మాట నిజమే. అయితే సిలిండర్ ఆయిల్‌ను (లైనరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, అందించే వేరే నూనెను) మరువకండి. నెమ్మదిగా నడిపినప్పుడు లైనరు గోడ చల్లబడి, దాని మీద ఇంధనపు గంధకం వల్ల పుట్టే గంధకామ్లం చేరి లోహాన్ని తినేసేది. దానిని విరిచేందుకు బీఎన్ 100 నూనె (బీఎన్ అంటే ఆమ్లాన్ని విరిచే శక్తికి కొలమానం) వాడేవాళ్లం. 2020 జనవరి 1 నుండి ఇంధనంలో గంధకం పరిమితి 3.50 నుండి 0.50 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కూడా అదే నూనె కొనసాగిస్తే, విరచడానికి ఆమ్లం లేక నూనెలో మిగిలిన కాల్షియం పిస్టన్ క్రౌన్ మీద గట్టిగా పేరుకొని, లైనరు మీది నూనె పొరను గీకేస్తుంది. మేము బీఎన్ 40కి మారాము. స్క్రీను మీద నూనె ఫీడ్ రేటు ఎంత చక్కగా కనిపించినా, స్కావెంజ్ పోర్టుల (సిలిండర్‌లోకి గాలి వచ్చే రంధ్రాల) నుండి పిస్టన్ రింగులను కంటితో చూసిన తరువాతే నమ్ముతాను.

సెకండ్_కాకినాడ
ఈ ఓడకు స్క్రబ్బర్ (పొగలోని గంధకాన్ని నీటితో కడిగే పరికరం) ఉన్నదట. అప్పుడు బీఎన్ 100 చాలునా అండి?

విశాఖ_మెరైన్
ఎక్కువ గంధకమున్న బరువు నూనె (హెవీ ఫ్యూయల్) కాల్చినంతసేపూ చాలు. కాని సింగపూర్ వంటి రేవుల్లో ఓపెన్-లూప్ (కడిగిన నీటిని సముద్రంలోకే వదిలే) స్క్రబ్బర్ నీటిని వదలనివ్వరు. అక్కడ తక్కువ గంధకపు ఇంధనానికి మారక తప్పదు. రెండు రకాల సిలిండర్ ఆయిల్ ట్యాంకులు ఉన్నవో లేవో హ్యాండోవర్‌లోనే అడగండి.

పాత_చీఫ్
వేడి బరువు నూనె నుండి తక్కువ గంధకపు డీజిల్‌కు మారేటప్పుడు ఇంధనం ఉష్ణోగ్రత నిమిషానికి 2 డిగ్రీలకు మించి దిగనివ్వకండి. తొందరపడితే ఇంధనం పంపు పట్టేస్తుంది. రేవులో దారి చూపే పైలట్ మన ఓడ మీద ఉన్నప్పుడే పట్టేస్తుంది కూడా.