సస్పెండ్‌ల పీసీ బిగుసుకపోతుంది: డెడ్‌లాక్ ఎట్ల పట్టాలె?

మిర్యాలగూడ_కాంటా:
అన్నలూ, రైసు మిల్లుల కాంటా పీసీ, లైనక్స్. మేం రాసుకున్న యూఎస్‌బీ డ్రైవర్ 200 మిల్లీసెకండ్లకోసారి డిలేయ్డ్ వర్క్‌ల (కెర్నల్ కొంతసేపు ఆగి నడిపే పని) బరువు చదువుతది. సస్పెండ్ చేస్తే (పీసీని నిద్రపుచ్చితే) పదిసార్లకు ఒకసారి తెర నల్లగై ఆగిపోతుంది. లాగ్‌ల ఏం మిగుల్తలేదు. పీఎం టెస్ట్‌ల (సస్పెండ్‌ను మెట్టు మెట్టుగ పరీక్షించేది) ఫ్రీజర్ (ప్రోగ్రాములను ఆపే మెట్టు) పాస్, డివైసెస్ (పరికరాలను పడుకోబెట్టే మెట్టు) దగ్గర ఇరుకుతుంది. సస్పెండ్ ఫంక్షన్ వరుస: మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరికే దొరికే తాళం) పట్టుడు, కాంటాకు ఆపు కమాండ్ (జవాబుకు 20 మిల్లీసెకండ్లు), క్యాన్సిల్ డిలేయ్డ్ వర్క్ సింక్ (వర్క్‌ను రద్దు చేసి, నడుస్తుంటే అయ్యేదాక ఆగేది), మ్యూటెక్స్ వదులుడు.

పాలమూరు_కెర్నల్:
తమ్మీ, తప్పు ఆ వరుసలనే ఉంది. బరువు చదివే వర్క్‌కు కూడా అదే మ్యూటెక్స్ కావాలె కదా? ఆ 20 మిల్లీసెకండ్లల్ల వర్క్ మొదలైతే మ్యూటెక్స్ కాడ నిలబడతది. సింక్ ఏమో వర్క్ అయిపోయేదాక కదలదు. ఇట్ల ఒకరి కోసం ఒకరు ఆగుడే డెడ్‌లాక్. 200ల 20 అంటే పదిట్ల ఒకటి, నీ లెక్క సరిగ్గ కలిసింది.

రుజువు కావాలంటే ప్రూవ్ లాకింగ్ ఆన్ చేసి కెర్నల్ కట్టు. దాంతోని వచ్చే లాక్‌డెప్‌కు (తాళాల వరుస తప్పులు పట్టేది) పీసీ బిగుసుకపోవుడు అక్కర్లేదు, రెండు దారులు (సస్పెండ్, వర్క్) ఒక్కోసారి నడిస్తే చాలు. కాని మొదటి రిపోర్ట్ తర్వాత అది ఆగిపోతది. బూట్‌ల వేరే డ్రైవర్ మీద రిపోర్ట్ పడితే నీది కనపడదు, ముందు దాన్ని సరిచెయ్.

నల్గొండ_సిస్టమ్స్:
లాగ్ కోసం బూట్ లైన్‌ల నో కన్సోల్ సస్పెండ్ (సస్పెండ్‌ల గూడ మెసేజ్‌లు చూపేది), ఇనిట్‌కాల్ డీబగ్ (ఒక్కో డ్రైవర్ పిలుపును లాగ్‌ల రాసేది) పెట్టి, పీఎం అసింక్‌ల 0 రాయండి. అప్పుడు డివైసులు ఒకదాని వెంట ఒకటి పడుకుంటయి. "కాలింగ్" పడి "రిటర్న్డ్" పడనిదే దొంగ. 120 సెకండ్ల హంగ్ టాస్క్ మెసేజ్ (ఇరికిన పనిని చెప్పేది) కోసం చూడకండి, సస్పెండ్ నడిచేటప్పుడు ఆ కాపలా పనిచెయ్యదు. డీపీఎం వాచ్‌డాగ్ పెట్టండి, ఎక్కడ ఇరికిందో కాల్ ట్రేస్ చూపి పానిక్ చేస్తది (కెర్నల్‌ను ఆపేస్తది), పీస్టోర్‌ల (రీబూట్ తర్వాత గూడ చెరగని చోటు) లాగ్ మిగుల్తది.

మిర్యాలగూడ_కాంటా:
వర్క్‌ను ఫ్రీజబుల్ క్యూల (సస్పెండ్‌ల ఫ్రీజర్ ఆపేసే క్యూ) వేస్తే సరిపోదా అన్నా?

పాలమూరు_కెర్నల్:
వద్దు. యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ల (వాడనప్పుడు ఆ పరికరం ఒక్కటే పడుకునుడు) ఫ్రీజర్ నడవదు, అక్కడ ఇదే తప్పు మళ్ల పడతది. పైగ ఎవరన్న సస్పెండ్‌ల ఫ్లష్ వర్క్ (వర్క్ అయ్యేదాక ఆగుడు) రాస్తే, గడ్డకట్టిన క్యూల పడున్న వర్క్ కోసం ఎదురుచూసి అక్కడ్నే ఉండిపోతది. వరుస మార్చు: లాక్ లేకుండ ముందు క్యాన్సిల్ సింక్, తర్వాత మ్యూటెక్స్ పట్టి ఆపు కమాండ్, వదులుడు. వర్క్ తనను తాను మళ్ల క్యూల వేసుకున్నా సింక్ ఆపుతది. యూఆర్‌బీ (యూఎస్‌బీకి పంపే అడుగుడు) కంప్లీషన్ నుంచి గిట్ల వేస్తుంటే మాత్రం క్యాన్సిల్ సింక్ కంటె ముందే యూఎస్‌బీ కిల్ యూఆర్‌బీ పిలువు. రెజ్యూమ్‌ల (నిద్ర లేచేటప్పుడు) వర్క్‌ను మళ్ల షెడ్యూల్ చేసుడు మర్వకు.