వాడని కోడ్ తీసేయడం, తెలుగు వ్యాఖ్యల అనువాదం: సలహా ఇవ్వగలరా?

నమస్కారమండీ. మాది విజయనగరం పక్క ఊరు. మా గ్రంథాలయానికి ఒక మిత్రుడు పైథాన్‌లో రాసిపెట్టిన పుస్తకాల లెక్కల ప్రోగ్రామ్‌ను ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఓపెన్ సోర్స్‌దే కాబట్టి బయటివాళ్లు కూడా చేయి వేయాలని నా కోరిక. అందుకే ముందు ఇల్లు సర్దుతున్నాను.

వాడని పైథాన్ కోడ్‌ను వెతికిపెట్టే వల్చర్ అనే పనిముట్టుతో చూస్తే వాడని ఫంక్షన్లంటూ (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు) చాంతాడంత జాబితా వచ్చింది. చాలావాటికి అవి నిజంగా వాడనివే అన్న నమ్మకం 60 శాతమే చూపింది. అయినా ఒకటి తీసేశాను. మర్నాడు రసీదులు ఆగిపోయాయి! సెట్టింగుల ఫైలులోంచి దాని పేరు చదివి, పేరును బట్టి ఫంక్షన్‌ను అందించే గెట్‌ఆట్ర్ (getattr)తో పిలుస్తున్నారు. కోడ్ పాత రూపాలను దాచిపెట్టే గిట్ ఉండబట్టి వెంటనే వెనక్కి తెచ్చుకోగలిగాను. ఇలాంటివాటిని ముందే పట్టుకోవడం ఎలా? ఏది ఎప్పుడు నడిచిందో నమోదయ్యేలా కొన్నాళ్లు లాగ్ పెట్టి చూద్దామంటే, ఏడాదికి ఒక్కసారే నడిచే ఫంక్షన్లూ ఉన్నాయి.

ఇక కోడ్ మధ్యలో మనుషుల కోసం తెలుగులో రాసిన వ్యాఖ్యలు (కామెంట్లు). లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లోని జర్మన్ వ్యాఖ్యలను వాలంటీర్లు ఓపికగా ఇంగ్లీషులోకి మార్చారు. అదే దారిలో వెళ్దామనుకుంటే మొదటి ఫైలులోనే ఈ వాక్యం ఎదురైంది: ‘సిరిమాను అయ్యేదాకా జరిమానా వద్దు’. ఉత్త ‘పండగ’ అని అనువదిస్తే అర్థం పోతుంది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి ఉత్సవం అది. తేదీ ఏటా మారుతుంది, కోడ్ లెక్క కూడా దాని మీదే ఆధారపడింది. తెలుగు వాక్యాన్ని అలాగే ఉంచి కింద ఇంగ్లీషు వివరణ రాయవచ్చా? అనువాదాలనూ తొలగింపులనూ వేర్వేరు కమిట్‌లుగా (గిట్‌లో ఒక్కోసారి భద్రపరిచే మార్పులుగా) పెట్టాలా? ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పండి.