కనుమ నాడు కోడెను జనంలోకి వదలడం గొడ్డు మీద ప్రేమేనా?

కసువుమోపు:
మాది చంద్రగిరి మండలం. కనుమ వస్తే మా చుట్టుపక్కల ఊళ్లలో పశువుల పండుగ చేస్తారు, టీవీలవాళ్లు దాన్నే జల్లికట్టు అంటారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. కోడెల కొమ్ములు చెక్కి, రంగు పూసి, చెక్క పలకలు కడతారు. పలక మీద దేవుడి బొమ్మో హీరో బొమ్మో నాయకుడి బొమ్మో ఉంటుంది, కొందరు నోట్లు కూడా కడతారు. డప్పులు కొట్టి గుంపులు గుంపులుగా వీధిలోకి తోలితే, రెండు పక్కలా కాచుకుని ఉన్న కుర్రాళ్లు మీద పడి ఆ పలక లాక్కుంటారు. చిన్నప్పటి నుంచి మిద్దె మీద నిలబడి చూశాను, కేకలు పెట్టాను కూడా.

పోయిన కనుమకు మా కోడెను కూడా వదిలారు. సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చింది. నీళ్లు పెడితే తొట్టిలో మూతి పెట్టలేదు, నోటి వెంట నురగ, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. తోక మధ్యలో వాచి ఉంది, చెయ్యి తగిలితే ఒళ్లంతా జలదరించి పక్కకు జరిగిపోయింది. తోకలో ఎముకలుంటాయని, వెన్నెముకే అక్కడిదాకా సాగుతుందని, మెలిపెడితే విరుగుతుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదు. ఒంటి మీద ఈగలు వాలుతుంటే తోలుకోలేక చర్మం మాత్రం ఆడించుకుంటూ నిలబడేది.

అదే రోజు పొద్దున మా అమ్మ చేసిన పండగ వేరు. ముందురోజే వేళ్లు, మూలికలు, వేపచెక్క తెచ్చి ఉప్పేసి రోట్లో దంచి ఉప్పుచెక్క చేసింది. ఆ చేదుకు ఏ గొడ్డూ దాన్ని తనంతట తాను తినదు. ఒక్కోదాని నోరు తెరిచి, నాలుక పక్కకు పట్టి, పిడికెడు లోపల పెట్టి, మూతి మూసి గొంతు నిమరాలి. కడుపులో పురుగులు పోతాయని మా వాళ్ల నమ్మకం. నాలుగు గొడ్లకు పెట్టేసరికి అమ్మ ముంజేతి నిండా గీతలు. తర్వాత వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి దండం పెట్టుకుంది, సాయంత్రం ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజు దగ్గర చిట్లాకుప్ప (ఎండుకంప కుప్ప) వెలిగిస్తే అందరితో పాటు పొంగలి తీసుకుపోయింది. రోజూ తెల్లారకముందే లేచి పేడ తీసి పాలు పిండే మనిషి, ఆ ఒక్క రోజు వాటి ముందు చేతులు జోడించి నిలబడితే నాకు కళ్లు చెమర్చాయి. నేను చదువుకున్నది ఆ పాల డబ్బుతోనే.

కృతజ్ఞత అంటే అదైతే, మధ్యాహ్నం వీధిలో జరిగింది ఏమిటి? పండగ మానేద్దామని అనడం లేదు. జనంలోకి తోలడం ఎందుకు అని అడుగుతున్నా.

ఎర్రకోడె:
అక్కా, మీ కోడెకు అట్లా జరిగినందుకు బాధగానే ఉంది. కానీ సగమే చెప్పావు. ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో ఎవరికి పనుంది? మా ఊళ్లో దేశవాళీ కోడెలు ఇంకా మిగిలాయంటే ఈ పండగ కోసమే. నేను ఏడాది పొడుగునా ఉలవలు ఉడకబెట్టి, పత్తిగింజలు రుబ్బి పెడతాను, నా చొక్కా చిరిగినా కొత్తది కొనను గానీ దాని దాణా తగ్గించను. నేను పిలిస్తే చేనులో ఆ చివర నుంచి వస్తుంది. నాది ప్రేమ కాదంటే ఒప్పుకోను. సుప్రీంకోర్టు 2014 మేలో జల్లికట్టు వద్దంది, 2017లో తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023 మే 18న అదే సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఆ మార్పు చెల్లుతుందంది. పక్క రాష్ట్రంలో సంస్కృతి అయింది మన దగ్గర నేరమా?

ఇంకోమాట, కోపం తెచ్చుకోవద్దు. మీ జెర్సీ ఆవుకు మగదూడ పుడితే ఏం చేస్తారు?

పశువైద్య విద్యార్థి, తిరుపతి:
తమ్ముడూ, ఆ తీర్పు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాల గురించి. పైగా తమిళనాడులో రూల్స్ ఉన్నాయి, పశువైద్యుడు పరీక్ష చేశాకే వదలాలి, మూపురం తప్ప ఇంకెక్కడా పట్టుకోకూడదు, జనానికీ కోడెకూ మధ్య గట్టి కంచె ఉండాలి. మన వీధిలో కంచె ఏది? 1960 నాటి జంతుహింస చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, దానికి భయపడేదెవరు? గొడ్డు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. వీధిలో అది పరిగెత్తేది పౌరుషంతో కాదు, భయంతో. కనుగుడ్డు చుట్టూ తెల్లగా కనిపిస్తుంటే అర్థం చేసుకోవచ్చు.

కసువుమోపు గారూ, అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఉప్పుచెక్క పెట్టేటప్పుడు గొడ్డు తల మరీ పైకెత్తకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నట్టల (కడుపులో పురుగుల) మందు, గాలికుంటు టీకా మాత్రం విడిగా వేయించాల్సిందే, ఆ టీకా ఏడాదికి రెండుసార్లు.

పాకాల తాత:
అమ్మా, నేను కపిల తోలినవాణ్ణి, అంటే ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడినవాణ్ణి. పొద్దున్నుంచి ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిస్తేనే మడికి నీళ్లు పారేవి, అవి పడుకున్నాకే మేం అన్నం తినేవాళ్లం. నా చిన్నప్పుడు మా ఊళ్లో కొమ్ముకు టవలు చుట్టి కోడెను వదిలేవాళ్లు, ఊరంతా కలిపి ఇరవై గొడ్లు, పట్టేవాడికి ఆ గొడ్డు ఎవరిదో, దాని గుణమేంటో తెలుసు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వేలమంది, సెల్‌ఫోన్లు. పండగ అదే అనుకుంటున్నారు, కాదు.

కసువుమోపు:
ఎర్రకోడె అన్నా, కోపం ఏమీ లేదు. మగదూడను అమ్మేశాం, ఇరవై రోజుల దూడ. ఎక్కడికి పోయిందో అడగలేదు, అడిగితే తెలుస్తుందని భయం. తల్లి రెండు రోజులు వాకిలి వైపే చూస్తూ అరిచింది, పాలు కూడా చేపలేదు. అది మా తప్పే. పాలు పోయించుకునేవాళ్లకూ ప్యాకెట్ కొనుక్కునేవాళ్లకూ అందులో భాగం ఉంది. ఈసారి ఆడదూడలే ఎక్కువగా పుట్టే వీర్యంతో సూది వేయించాం, దాంతో పదికి తొమ్మిది ఆడదూడలే పుడతాయట. కానీ ఆ తప్పుకు ఈ తప్పు జవాబు కాదు కదా. నీ కోడె పిలిస్తే వస్తుందన్నావు, అంత నమ్మినదాన్ని నువ్వే డప్పు కొట్టి జనం మీదికి తోలితే దానికి ఎట్లా ఉంటుందో ఒకసారి ఆలోచించు. అలంకరించి ఊరేగిద్దాం, బాగున్న కోడెకు బహుమతి ఇద్దాం, మేపినవాడికి ఇద్దాం. మా నాయన దీనికి ఇంకా ఒప్పుకోలేదు, ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఎర్రకోడె:
ఊరేగింపుకు కుర్రాళ్లు రారక్కా, రెండేళ్లకు కోడెలూ ఉండవు. తోక పట్టుకున్నవాణ్ణి మాత్రం ఈసారి మేమే బయటికి లాగుతాం, కొమ్ములు చెక్కనివ్వను, ఆ మాట ఇస్తున్నా. పలక కడతా. మీ కోడె తోక ఇప్పుడెట్లుంది?

కసువుమోపు:
చివర వంకరగా ఉండిపోయింది. ఈగలు తోలుకుంటోంది, ఎడమ పక్కకు మాత్రమే. కుడి పక్క అమ్మ వేపమండతో తోలుతుంది.