అప్‌డేట్: గుండీల కొట్టు సినిమా దొరికింది

యూదు ముసలావిడ గుండీల కొట్టు ఒక వడ్రంగి చేతికొచ్చే నలుపు తెలుపు సినిమా ఏది, కొట్టు తీసుకోవడానికి అతను ఎందుకు ఒప్పుకున్నాడు అని ఇంతకుముందు అడిగాను కదా. 'ది షాప్ ఆన్ మెయిన్ స్ట్రీట్' (1965) అన్నవారిదే సరైన జవాబు. అందరికీ థ్యాంక్స్. 'మెఫిస్టో' అనే సినిమా కాదు, అది నటుడి కథ. జర్మన్ సినిమాల్లో వెతకక్కర్లేదు, ఇది 1942 నాటి స్లోవాకియా కథ.

మళ్లీ చూశాక, అతను ఎందుకు ఒప్పుకున్నాడన్న రెండో ప్రశ్నా తేలింది. ఆ వడ్రంగి టోనోకి యూదుల మీద ద్వేషం లేదు. ఇంట్లో భార్య పోరు, పైగా కొట్టు కట్టబెట్టింది ఫాసిస్టు తోడల్లుడు. తీరా చూస్తే కొట్టు దివాలా. ఇంకో దుర్మార్గుడు రాకూడదని యూదులే అతనికి జీతం ఇస్తారు. పనివాడిగా వచ్చాడని చెవుడున్న ఆవిడ నమ్ముతుంది. అతను ప్రేమగానే ఉంటాడు, జీతమూ తీసుకుంటాడు. నన్ను బాగా కలచివేసింది అదే. యూదులను రైలెక్కించే రోజు అతనేం చేస్తాడో మాత్రం మీరే చూడండి.