ఖర్చు ఒక సీజన్‌లో, శిక్ష ఇంకో సీజన్‌లో: ఈ పాయింట్ల కోత న్యాయమేనా?

నీలి చొక్కా:
ముందే చెప్పేస్తున్నా, నేను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ అభిమానిని. 2023 నవంబర్ 17న మా క్లబ్‌కు 10 పాయింట్లు కోసేశారు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ అప్పటి నిబంధన ప్రకారం ఏ క్లబ్బూ మూడేళ్లలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదు. మాది 12.45 కోట్లని తేల్చారు. అంటే గీత దాటింది 1.95 కోట్లు. అప్పీలుకు వెళ్తే 2024 ఫిబ్రవరిలో కోతను 6కి తగ్గించారు. ఊపిరి పీల్చుకునేలోపే ఏప్రిల్‌లో తర్వాతి లెక్కల మీద ఇంకో 2 పోయాయి. ఒకే సీజన్‌లో రెండుసార్లు! మైదానంలో 48 పాయింట్లు సంపాదించి, పట్టికలో 40తో ముగించాం.

అదే లీగ్ 2023 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీ మీద 115 అభియోగాలు పెట్టింది. వాటి విచారణ మొదలయ్యేసరికే 2024 సెప్టెంబర్ వచ్చింది. మా మీద మార్చిలో కేసు పెట్టి నవంబర్‌కల్లా శిక్ష వేశారు. మాలాగే గీత దాటిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్ కేసునైతే తొమ్మిది వారాల్లో తేల్చేశారు. బక్కోడి మీదేనా ప్రతాపం? మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ అన్ని కేసులనూ ఒకే గాటన కట్టకండి. ఎవర్టన్, ఫారెస్ట్ గీత దాటిన మాట ఒప్పుకున్నాయి. మిగిలింది శిక్ష ఎంతన్నదే. ఫారెస్ట్‌కు 6 పాయింట్లు లెక్కగట్టి, ఒప్పుకుని సహకరించినందుకు 2 తగ్గించి 4 కోశారు. సిటీ మీద ఆరోపణ వేరే రకం. స్పాన్సర్ల పేరుతో వచ్చిన డబ్బు అసలు ఓనర్లదేనని, మేనేజర్ జీతం పూర్తిగా చూపించలేదని, 2009 నుంచి చాలా సీజన్ల లెక్కల మీద అనుమానం. సిటీ మొదటి నుంచీ తప్పు చేయలేదనే అంటూ వచ్చింది. కాదన్నాక ప్రతి కాగితమూ రుజువు చేయాలి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏకి ఏమైందో చూశాంగా. 2020 ఫిబ్రవరిలో సిటీని రెండేళ్లు యూరప్ పోటీల నుంచి నిషేధించింది. జులైలో క్రీడల మధ్యవర్తిత్వ కోర్టు ఆ నిషేధాన్ని ఎత్తేసింది, 3 కోట్ల యూరోల జరిమానా 1 కోటికి దిగింది. కొన్ని ఆరోపణలకు ఐదేళ్ల గడువు దాటిందన్నారు, కొన్నింటికి రుజువు చాలదన్నారు.

ఇక నిబంధనే వద్దనేవాళ్లు బరీ సంగతి గుర్తు చేసుకోవాలి. 1885లో పుట్టిన క్లబ్, 2019 ఆగస్టులో డబ్బులేక లీగ్ నుంచి బయటికి పోయింది. పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్ఏ కప్ ఎత్తింది, 2010 ఫిబ్రవరికి దివాలా తీసింది. ఓనర్‌కు విసుగొస్తే వెళ్లిపోతాడు. ఊరికి మాత్రం ఆ క్లబ్ ఒక్కటే ఉంటుంది.

గచ్చిబౌలి గ్యాలరీ:
మాస్టారు గారి మాటకు నా ఓటు. మన దగ్గరా చూశాం కదా. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ ఎఫ్‌సీ చాంపియన్. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద గంతులేశాం. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోయారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. ఎవరైనా ముందే లెక్కలు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎడమ వింగ్:
లెక్కలు అడగాలి, ఒప్పుకుంటా. కానీ ఈ నిబంధన క్లబ్బులతో ఏం చేయిస్తోందో చూడండి. 5 కోట్లు పెట్టి ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్న ఆటగాడు పుస్తకాల్లో ఏడాదికి 1 కోటి ఖర్చు. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడి ఖరీదు పుస్తకాల్లో సున్నా. అమ్మితే వచ్చిన ప్రతి పౌండూ లాభమే. అందుకే లెక్కలు మూసే జూన్ 30 దగ్గరపడేసరికి అందరి చూపూ ఇంటి పిల్లల మీదే.

ఎలియట్ ఆండర్సన్ ఎనిమిదేళ్లప్పటి నుంచి న్యూకాజిల్‌లో పెరిగాడు, పక్కనే ఉన్న విట్లీ బే కుర్రాడు. 2024లో లెక్కల గడువు ముంచుకొస్తుంటే సుమారు 3.5 కోట్లకు ఫారెస్ట్‌కు అమ్మేశారు. ఫారెస్ట్ ఏడాది ముందు తన సొంత కుర్రాడు బ్రెన్నన్ జాన్సన్‌ను అమ్మకుండా ఆగింది. నాటింగ్‌హామ్‌లోనే పుట్టాడు, వాళ్ల నాన్న కూడా ఆ చొక్కా వేసినవాడే. మంచి ధర కోసం ఎదురుచూసి సెప్టెంబర్ 1న 4.75 కోట్లకు టాటెన్‌హామ్‌కు ఇచ్చారు. గీత దాటింది 3.45 కోట్లు. ఆ అమ్మకం రెండు నెలల ముందు జరిగి ఉంటే కేసే లేదు! ఎక్కువ ధర వచ్చేదాకా ఆగడం మంచి వ్యాపారమే కదా అన్నారు, కమిషన్ వినలేదు.

మరోపక్క చెల్సీ తన రెండు హోటళ్లను తన సోదర సంస్థకే 7.65 కోట్లకు అమ్మి లాభం రాసుకుంది. దాన్ని ఆపే నిబంధన అప్పుడు ప్రీమియర్ లీగ్‌లో లేదు. ఇలాంటి అమ్మకాల్ని యూఈఎఫ్ఏ లెక్కలోకి తీసుకోదు, 2025లో చెల్సీకి జరిమానా కూడా వేసింది. హోటల్ ఉన్నవాడు హోటల్ అమ్ముతాడు, లేనివాడు పిల్లాణ్ని అమ్ముకోవాలి. నా కోపం అక్కడ.

టర్ఫ్ మూర్ పక్కవీధి:
ఉద్యోగం మీద వచ్చి బర్న్‌లీ దగ్గర ఉంటున్నా. ఇందాకటి నుంచి చదువుతున్నాను. మీరంతా శిక్ష పడ్డవాళ్ల గురించే మాట్లాడుతున్నారు.

2022 మే 22, సీజన్ ఆఖరి రోజు. న్యూకాజిల్ చేతిలో 2-1తో ఓడి బర్న్‌లీ కింది లీగ్‌కు పడిపోయింది. ప్రీమియర్ లీగ్‌లో ఆరేళ్లున్న తర్వాత. విజిల్ ఊదాక నా పక్క సీట్లో పెద్దాయన లేవలేదు. మడిచిన కండువా మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మనవడు చెయ్యి పట్టుకుని లేపాడు.

ఆ ఏడాది బర్న్‌లీకి 35 పాయింట్లు, ఎవర్టన్‌కు 39. నీలి చొక్కా గారూ, మీకు పడిన ఆ 6 పాయింట్ల కోత 2021-22తో ముగిసిన లెక్కలకే. అది ఆ సీజన్‌లోనే పడి ఉంటే మీకు 33 మిగిలేవి, మేం ఉండేవాళ్లం. కోత పడింది 2023-24లో. ఆ ఏడాది 8 పోయినా మీరు నిలిచారు, మేం మళ్లీ పడ్డాం. శిక్ష పడింది కానీ మాకు ఒరిగిందేంటి?

నీలి చొక్కా:
అన్నా, నిజం చెప్తున్నా, ఇది ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. 2023 మే 28న బోర్న్‌మత్ మీద డూకురే కొట్టిన గోల్‌తో మేం బతికినప్పుడు ఏడ్చేశాను. ఆ రోజు మాకు 36, పడిపోయిన లెస్టర్‌కు 34. మీ లెక్కే ఇక్కడా వేస్తే, రెండో కోత 2 పాయింట్లు ఆ సీజన్ లెక్కలదే. 34-34 అయ్యేది, గోల్స్ తేడాలో లెస్టరే మేలు. పడాల్సింది మేమే.

లెక్కల మాస్టారు:
అక్కడ ఒక మెలిక ఉంది తమ్ముడూ. అవే మూడేళ్ల లెక్కల్లో లెస్టర్ కూడా గీత దాటిందని లీగ్ 2024 మార్చిలో కేసు పెట్టింది. ఆ జూన్ 30న లెక్కలు మూసేనాటికి లెస్టర్ లీగ్‌లోనే లేదు కాబట్టి లీగ్‌కు ఆ అధికారం లేదని సెప్టెంబర్‌లో అప్పీలు బోర్డు చెప్పింది. ఇక ఫారెస్ట్ తొమ్మిది వారాల సంగతి: 2023లో పద్ధతి మార్చారు. అప్పటి నుంచి, ముగిసిన సీజన్ లెక్కలు డిసెంబర్ 31లోగా ఇవ్వాలి, కేసు నడుస్తున్న సీజన్‌లోనే తేలాలి. ఆలస్యం అలా తగ్గింది.

టర్ఫ్ మూర్ పక్కవీధి:
తగ్గింది మాస్టారూ, పోలేదు. డిసెంబర్‌లో ఇచ్చేది ముగిసిపోయిన సీజన్ లెక్కే. అప్పటికే ఎవరో ఒకరు కింద లీగ్‌లో ఆడుతుంటారు. జనవరి ట్రాన్స్‌ఫర్లు మొదలవకముందే, నడుస్తున్న సీజన్ ఖర్చు ఎంతో క్లబ్బుల చేత చెప్పించాలి. గీత దాటేలా ఉంటే కొనడం అప్పుడే ఆపేయాలి. స్పెయిన్‌లో అక్కడి లీగ్ లా లిగా ఆటగాళ్ల జీతాలకు ముందే హద్దు పెడుతుంది, 2021 ఆగస్టులో మెస్సీనే బార్సిలోనా రిజిస్టర్ చేయించలేకపోయింది. అంత పెద్ద క్లబ్‌కు అక్కడ కుదిరినప్పుడు ఇక్కడ ఎందుకు కుదరదు?