అమ్మను కొత్త మందు ట్రయల్‌లో చేర్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అమ్మకు 63 ఏళ్లు. పోయిన దసరా ముందు నడుముకు ఎడమవైపు అక్కి లేచింది. ముందు ఊళ్లో జాజుతో అక్కి రాయించుకుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి వారం దాటింది. వైరస్ మందు 72 గంటల్లోపే మొదలుపెడితే మంచిదని అక్కడికెళ్లాకే తెలిసింది, ఏం చేస్తాం. పొక్కులు మానాయి, మంట మానలేదు. చీర అంచు తగిలినా ఉలిక్కిపడుతుంది. ఫ్యాన్ గాలి కూడా పడదు. ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందుతో నొప్పి కాస్త తగ్గుతోంది కానీ తల తిరిగి రెండుసార్లు పడబోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు ఈ నరాల నొప్పికి కొత్త మందు మూడో దశ ట్రయల్ (ఎక్కువమంది రోగుల మీద పరీక్షించే దశ) ఉంది, చేరతారా అంటున్నారు. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో వెతికితే ట్రయల్ నమోదై ఉంది. కొత్త మందుల ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితమని కూడా చదివాను. నా టెన్షన్ వేరే. సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్రే ఇస్తారు, ఎవరికేదో డాక్టర్‌కూ తెలియదట.

అమ్మకు అదే వస్తే, ప్రీగాబాలిన్ కూడా ఆపించి నొప్పితో కూర్చోబెడతారా? మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చని కాగితంలో ఉంది. నిజంగా మానేస్తే అదే డాక్టరుగారు తర్వాత మామూలుగానే చూస్తారా? బస్సు ఛార్జీలు, పరీక్షల ఖర్చు మీకు ఇచ్చారా? ఇంట్లోవాళ్లను ఇలా చేర్పించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. సోమవారం సంతకానికి రమ్మన్నారు.